గేమింగ్ పీసీ ఆర్డర్ ఇస్తున్నారా? కొటేషన్‌లో రాయని పేర్లేంటో ముందు అడగండి

"ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 6 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, 450 వాట్ ఎస్‌ఎంపీఎస్, ఆర్‌జీబీ క్యాబినెట్, 3 ఇయర్స్ వారంటీ."

గేమింగ్ పీసీ కావాలని నాలుగు షాపులకు మెసేజ్ పెడితే వాట్సాప్‌లో వచ్చే కొటేషన్ దాదాపు ఇలాగే ఉంటుంది. చూడ్డానికి అన్నీ ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ జాగ్రత్తగా చదవండి. ఇందులో ఒక్క పార్ట్‌కీ పూర్తి పేరు లేదు. ఇదే కొటేషన్‌తో నాలుగేళ్లు హాయిగా ఆడుకునే పీసీ కట్టొచ్చు, మే నెల రాగానే మొరాయించే పీసీ కూడా కట్టొచ్చు. రెండింటికీ ఇదే మెసేజ్ సరిపోతుంది, ఎక్కడా అబద్ధం ఉండదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ షాపులన్నీ తిరిగి కట్టించుకున్నా, వెబ్‌సైట్‌లో ఒక్కో పార్ట్ సెలెక్ట్ చేసి ఆర్డర్ పెట్టినా పరిస్థితి ఒక్కటే. కస్టమర్లు పోల్చి చూసేది ప్రాసెసర్ పేరు, గ్రాఫిక్స్ కార్డ్ పేరు, ఆఖరి రేటు. ఈ మూడింట్లో షాపుల మధ్య పోటీ గట్టిగా ఉంటుంది కాబట్టి అక్కడ మిగిలేది తక్కువ. అందుకే లాభం మనం అడగని చోట వెతుక్కుంటారు. అంటే ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డ్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. వ్యాపారం అన్నాక అంతే. అడిగితే చెప్తారు, అడగకపోతే వాళ్లకు తోచింది పెడతారు.

కాబట్టి ఈ ఆర్టికల్‌లో "ఇది కొనండి, అది కొనండి" అని లిస్ట్ ఇవ్వడం లేదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎగబాకుతున్న తీరు చూస్తే, ఇవాళ రాసిన రేటు వచ్చే నెలకు పనికిరాదు కూడా. ఆ కొటేషన్‌లో ఒక్కో లైన్ ఎలా చదవాలో, ఏ ప్రశ్న అడగాలో చూద్దాం.

ముందు మానిటర్ తేల్చుకోండి

చాలామంది క్యాబినెట్‌కే మొత్తం బడ్జెట్ పెట్టేసి, చివర్లో "ఇంట్లో పాత మానిటర్ ఉంది కదా" అంటారు. అది 60 హెర్ట్జ్ మానిటర్ అయితే గేమ్ 200 ఎఫ్‌పీఎస్‌తో నడిచినా కంటికి కనిపించేది సెకనుకు 60 ఫ్రేములే.

ఏ గేమ్ ఆడతారన్నది ఇక్కడే తేలాలి. వాలరెంట్, సీఎస్2 లాంటివి 1080పీలో 144 హెర్ట్జ్ పైన ఆడాలంటే బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. సైబర్‌పంక్ 2077 లాంటి గేమ్ 1440పీలో ఆడాలంటే గ్రాఫిక్స్ కార్డ్ మీద పడుతుంది. ఒకే బడ్జెట్‌తో ఈ రెండింటికీ కట్టే పీసీలు వేర్వేరుగా ఉంటాయి. షాపుకెళ్లి "గేమింగ్ పీసీ కావాలి" అంటే వాళ్ల దగ్గర స్టాక్ ఉన్నది కడతారు. "1080పీ 180 హెర్ట్జ్ మానిటర్, ఎక్కువగా వాలరెంట్, అప్పుడప్పుడు జీటీఏ 5" అని చెప్తే సంభాషణే మారిపోతుంది.

అన్నట్టు, "జీటీఏ 6 కోసం పీసీ" అని అమ్ముతున్నవాళ్లని పట్టించుకోకండి. రాక్‌స్టార్ ఆ గేమ్‌ని ప్రకటించింది పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకే. పీసీకి ఎంత హార్డ్‌వేర్ కావాలో ఇప్పుడే ఎవరు చెప్పగలరు?

ప్రాసెసర్: నంబర్లు దగ్గర, చిప్‌లు దూరం

"ఐ5" అంటే ఏ జనరేషన్? "రైజెన్ 5" అంటే ఏ రైజెన్ 5? ఈ ప్రశ్న పాతదే. కానీ జనరేషన్ చెప్పినా మోసపోయే చోట్లు ఉన్నాయి.

రైజెన్ 5 5500, రైజెన్ 5 5600 తీసుకోండి. రెండూ 6 కోర్లు, 12 థ్రెడ్లు. రెండూ ఏఎం4 సాకెట్. బేస్ క్లాక్ చూస్తే 5500దే కాస్త ఎక్కువ, 3.6 గిగాహెర్ట్జ్. 5600ది 3.5. కాగితం మీద చూసినవాళ్లు "100 నంబర్ తేడాకి అంత డబ్బెందుకు" అనుకుంటారు. అసలు తేడా కింద ఉంది. 5500లో ఎల్3 క్యాష్ 16 ఎంబీ, 5600లో 32 ఎంబీ. గేమ్స్‌కి క్యాష్ చాలా ముఖ్యం. పైగా 5500 పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోతుంది, 5600 పీసీఐఈ 4.0 ఇస్తుంది. ఈ రెండో తేడా ఎంత దూరం పోతుందో గ్రాఫిక్స్ కార్డ్ దగ్గర చెప్తాను. ఏఎం5లోనూ ఇదే కథ: రైజెన్ 5 8400ఎఫ్‌లో క్యాష్ 16 ఎంబీ, రైజెన్ 5 7500ఎఫ్‌లో 32 ఎంబీ. నంబర్ చూస్తే 8400 కొత్తది, పెద్దది అనిపిస్తుంది. గేమింగ్‌కి 7500ఎఫ్ మేలు.

ఇక చివర్లో ఉండే ఎఫ్ అక్షరం. ఎఫ్ ఉంటే ఆ ప్రాసెసర్‌లో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ లేదని అర్థం. ఎఫ్ లేకపోయినా రైజెన్ 5 5600లో అది లేదు, ఇది గుర్తుంచుకోండి. గేమింగ్‌కి దీంతో నష్టమేమీ లేదు, డబ్బు మిగులుతుంది. కానీ గ్రాఫిక్స్ కార్డ్ పాడై సర్వీస్ సెంటర్‌కి వెళ్తే, అది తిరిగి వచ్చేదాకా పీసీలో బొమ్మే రాదు. ఇదే పీసీ మీద చదువు, ప్రాజెక్టులు, ఆఫీస్ పని కూడా నడవాలంటే ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 5 7600 లాంటిది తీసుకోవడం నా దృష్టిలో దండగ కాదు.

ప్రాసెసర్ "బాక్స్" వస్తుందా, "ట్రే" వస్తుందా అని కూడా అడగండి. ట్రే అంటే రిటైల్ డబ్బా లేకుండా విడిగా వచ్చేది. పనితీరులో తేడా ఉండదు, రేటు తగ్గుతుంది. కానీ వారంటీ కంపెనీ నేరుగా ఇవ్వదు, అమ్మినవాళ్లే చూసుకోవాలి. ఆ షాపు మూడేళ్లు ఉంటుందన్న నమ్మకం ఉంటేనే తీసుకోండి.

గ్రాఫిక్స్ కార్డ్: జీబీ మాత్రమే చూస్తే దెబ్బే

"6 జీబీ గ్రాఫిక్స్ కార్డ్" అన్న మాటకు అర్థం లేదు. ఎన్ని జీబీ అన్నది మెమరీ ఎంతో చెప్తుంది, కార్డ్ ఏదో చెప్పదు. పేరు చెప్పినా ఒక్కోసారి సరిపోదు.

ఆర్‌టీఎక్స్ 3050 మంచి ఉదాహరణ. మొదట వచ్చిన 8 జీబీ కార్డ్‌లో 2560 కూడా కోర్లు, 128 బిట్ మెమరీ బస్ ఉన్నాయి. 2024లో వచ్చిన 6 జీబీ వెర్షన్‌లో 2304 కోర్లు, 96 బిట్ బస్. తగ్గింది 2 జీబీ మెమరీ ఒక్కటే కాదు, చిప్ కూడా చిన్నదైంది. పేరు మాత్రం అదే. యూట్యూబ్‌లో 8 జీబీ కార్డ్ రివ్యూ చూసి 6 జీబీ కార్డ్ కొన్నవాళ్లకు ఆ ఎఫ్‌పీఎస్ రాదు. అయితే ఈ చిన్న కార్డ్ 70 వాట్లే తీసుకుంటుంది, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. పాత ఆఫీస్ పీసీలో వేసుకోవడానికి అది బాగుంటుంది. కొత్తగా కట్టించే గేమింగ్ పీసీకి మాత్రం నేను చెప్పను.

ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ కూడా 8 జీబీ, 16 జీబీ అని రెండు రకాలుగా వస్తున్నాయి. వీటిలో చిప్ ఒకటే, మెమరీలోనే తేడా. 1080పీలో ఈస్పోర్ట్స్ గేమ్స్‌కి 8 జీబీ సరిపోతుంది. కొత్త పెద్ద గేమ్స్‌లో టెక్స్చర్లు అల్ట్రాలో పెడితే 8 జీబీ నిండిపోతుంది. అప్పుడు మిగతా డేటా మదర్‌బోర్డ్ మీదున్న ర్యామ్‌లోకి వెళ్లి, పీసీఐఈ స్లాట్ గుండా వచ్చి పోతూ ఉంటుంది. ఆట ఉన్నట్టుండి కుదుపులతో నడుస్తుంది.

ఇందాక వదిలేసిన పీసీఐఈ 3.0 ముచ్చట ఇక్కడికి సరిపోతుంది. ఆర్‌టీఎక్స్ 4060, 5060, 5060 టీఐ కార్డులు స్లాట్‌లో ఉండే 16 లేన్లలో 8 మాత్రమే వాడుకుంటాయి. పీసీఐఈ 4.0 మీద 8 లేన్లంటే సెకనుకు సుమారు 16 జీబీ దారి. 3.0 మీద అది 8 జీబీకి పడిపోతుంది. అంటే రైజెన్ 5 5500 లేదా ఏ520 మదర్‌బోర్డ్ పెట్టి, దాని మీద 8 జీబీ కార్డ్ వేస్తే, కార్డ్ మెమరీ నిండిన రోజున సగం దారిలోనే ట్రాఫిక్ అంతా నడవాలి. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 లేన్లూ వాడుతుంది, కాబట్టి పాత బోర్డుల మీద ఈ విషయంలో దానికి ఇబ్బంది తక్కువ. కొటేషన్‌లో ఒక్కో పార్ట్ విడిగా బాగున్నా, కలిపి చూడాల్సింది ఇందుకే.

క్యాబినెట్‌కి పెట్టే డబ్బులో 35 నుంచి 45 శాతం గ్రాఫిక్స్ కార్డ్‌కి పోతే గేమింగ్ పీసీకి అది సబబైన లెక్క. 55 శాతం దాటిందంటే ఎక్కడో ఏదో కోశారు. ఎక్కడ కోశారో తెలుసుకోవాలంటే కింది లైన్ చదవండి.

ఎస్‌ఎంపీఎస్: ఎవరూ అడగని లైన్

నన్నడిగితే కొటేషన్‌లో మొదట చదవాల్సింది ఇదే. "450 వాట్ ఎస్‌ఎంపీఎస్" అని మాత్రమే రాసి, కంపెనీ, మోడల్ లేకుంటే అక్కడే ఆగండి.

ఎస్‌ఎంపీఎస్ పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది. దాని మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లు కాదు, టేబుల్‌లో 12 వోల్ట్ కాలమ్ చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ పవర్ తీసుకునేది ఆ లైన్ నుంచే. అక్కడ 37 ఆంపియర్లు ఉంటే 12తో గుణిస్తే 444 వాట్లు. అంటే 450 అని రాసింది నిజమే. అదే చోట 18 ఆంపియర్లు ఉంటే? 216 వాట్లు. పైన ఎంత రాసినా గేమ్ ఆడేటప్పుడు అందేది అంతే. ఆర్‌టీఎక్స్ 5060 ఒక్కటే 145 వాట్లు తీసుకుంటుంది, ప్రాసెసర్ ఇంకో 80 దాకా లాగుతుంది. 216 అప్పుడే దాటిపోయింది. పైగా గ్రాఫిక్స్ కార్డులు సెకనులో చిన్న భాగం పాటు రేటింగ్ కన్నా ఎక్కువ లాగుతాయి. ఎన్‌విడియా 5060కి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చెప్పడానికి ఇదో కారణం.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అన్నవి కూడా అపార్థం చేసుకునే మాటలే. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం వృథా కాకుండా పార్టులకు అందుతుందో చెప్పే గుర్తు అది. షార్ట్ సర్క్యూట్ అయితే, ఓవర్‌లోడ్ అయితే ఎస్‌ఎంపీఎస్ తనంతట తాను ఆగుతుందా, లోపల కెపాసిటర్లు ఎలాంటివి అన్నది ఆ గుర్తు చెప్పదు. దీనికన్నా తేలిగ్గా చూడగలిగేది వారంటీ. తన ఎస్‌ఎంపీఎస్‌కి కంపెనీ 5, 7, 10 ఏళ్లు ఇస్తోందంటే దాని మీద నమ్మకం ఉన్నట్టే. ఒక్క ఏడాదే ఇస్తోందంటే ఆ కంపెనీకే ధైర్యం లేదన్నమాట. చౌక ఎస్‌ఎంపీఎస్ పోతే ఒంటరిగా పోదు. గ్రాఫిక్స్ కార్డ్‌నీ బోర్డునీ వెంట తీసుకెళ్లే ప్రమాదం ఉంది.

ఇక మన ఇళ్ల సంగతి. చాలా ఇళ్లలో ఉండే చిన్న యూపీఎస్ 600 వీఏ. దాన్ని 600 వాట్లు అనుకుంటారు, నిజానికి ఆ సైజు యూపీఎస్‌లు ఇచ్చేది 360 వాట్లకు దగ్గర్లో. గేమ్ మధ్యలో కరెంట్ పోతే పీసీ, మానిటర్ కలిసి ఆ హద్దు దగ్గరికో, దాటో పోతాయి. యూపీఎస్ కుయ్‌మని ఆగిపోతుంది. యూపీఎస్ పెట్టి లాభమేంటి మరి? 1000, 1100 వీఏ సైజుకు వెళ్లాలి, బడ్జెట్‌లో దానికి ముందే చోటు పెట్టుకోవాలి.

ఎర్తింగ్ కూడా. క్యాబినెట్ తాకితే చేతికి సన్నగా జిల్లుమంటోందా? చాలాసార్లు పీసీ తప్పు కాదు. మూడు పిన్నుల ప్లగ్‌కి రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టి ఉంటారు, లేదంటే ఆ సాకెట్‌కే ఎర్త్ వైర్ ఉండదు. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ నుంచి భూమిలోకి పోవాల్సిన కాస్త కరెంటు క్యాబినెట్ రేకు మీద నిలుస్తుంది. లక్ష రూపాయల పీసీ తెచ్చే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ఒక్క సాకెట్ చూపించుకోవడం మంచిది.

ర్యామ్: ఒకటా, రెండా?

"16 జీబీ" అంటే 8 జీబీవి రెండా, 16 జీబీది ఒకటా? ఒక్క స్టిక్ పెడితే డేటా ఒక్క చానెల్‌లోనే నడుస్తుంది, బ్యాండ్‌విడ్త్ సగమే. ముఖ్యంగా ప్రాసెసర్ మీద ఆధారపడే గేమ్స్‌లో ఎఫ్‌పీఎస్ పడిపోవడం కనిపిస్తుంది. ధరలు పెరిగాక ఒక్క స్టిక్‌తో సరిపెట్టే కొటేషన్లు కనిపిస్తున్నాయి. "తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు సార్" అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. మదర్‌బోర్డ్‌లో రెండే స్లాట్లు ఉంటే 8 జీబీవి రెండూ నింపేశాక 32 జీబీకి వెళ్లాలంటే రెండూ తీసేయాలి. కానీ ఆ "తర్వాత" ఎప్పుడన్నది మీకే తెలియాలి. రెండు మూడు నెలల్లో కచ్చితంగా కొంటానంటే ఒక్క 16 జీబీ స్టిక్ తీసుకుని, దాని పూర్తి మోడల్ నంబర్ రాసిపెట్టుకోండి. వేరే కంపెనీది జత చేస్తే డీడీఆర్5 ఒక్కోసారి పూర్తి స్పీడ్‌లో నడవదు. అంత గ్యారంటీ లేకపోతే 8 జీబీవి రెండు తీసుకోండి.

మదర్‌బోర్డ్ గురించి పెద్దగా చెప్పేది లేదు. పూర్తి మోడల్ పేరు అడగండి, వెబ్‌సైట్‌లో ఫొటో చూడండి. ర్యామ్ స్లాట్లు ఎన్ని, ఎం.2 స్లాట్లు ఎన్ని, ప్రాసెసర్ పక్కన వీఆర్‌ఎం మీద హీట్‌సింక్ ఉందా? ఈ మూడూ ఫొటోలోనే కనిపిస్తాయి. మూడు నాలుగేళ్లకు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలన్న ఆలోచన ఉంటే ఏఎం5 బోర్డ్ బెటర్. ఆ సాకెట్‌ని 2027 వరకు, ఆ తర్వాత కూడా సపోర్ట్ చేస్తామని ఏఎండీ చెప్పింది.

ఎస్‌ఎస్‌డీ దగ్గర "ఎం.2" అన్న మాట చూసి సరేననకండి. అది ఆకారం పేరు. అదే ఆకారంలో సాటా ఎస్‌ఎస్‌డీ కూడా వస్తుంది, దాని స్పీడ్ సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. ఎన్‌వీఎంఈ అని, మోడల్‌తో సహా రాయించుకోండి. పెద్ద గేమ్ ఒక్కోటి 100 జీబీ దాటుతున్న రోజుల్లో 512 జీబీ అంటే విండోస్ పోను నాలుగు గేమ్స్. కుదిరితే 1 టీబీ.

క్యాబినెట్: అద్దం బాగుంది, గాలి ఎటు?

ముందు వైపు, పక్క వైపు పూర్తిగా అద్దం, లోపల రంగురంగుల ఫ్యాన్లు. ఇన్‌స్టాలో బాగుంటుంది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో? గది వేడి 25 నుంచి 38 డిగ్రీలకు పెరిగితే లోపలి పార్టుల వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. విదేశీ రివ్యూలో "70 డిగ్రీలు" అని చూపించిన కార్డ్ మన గదిలో 83కి చేరుతుంది. కొనేటప్పుడు ఆ 13 కలుపుకుని ఆలోచించండి. ముందు వైపు జాలీ ఉన్న క్యాబినెట్, ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి, తీసి కడుక్కునే దుమ్ము ఫిల్టర్. ఇది చాలు. ఆరు కోర్ల ప్రాసెసర్‌కి లిక్విడ్ కూలర్ అక్కర్లేదు. ఒక మంచి టవర్ ఎయిర్ కూలర్ పెట్టి, మిగిలింది ఎస్‌ఎంపీఎస్‌కి మళ్లించండి.

అడ్వాన్స్ ఇచ్చే ముందు, పీసీ ఇంటికొచ్చాక

పూర్తి మోడల్ పేర్లతో కొటేషన్ మళ్లీ రాయించుకోండి. "స్టాక్ లేకపోతే అదే రేంజ్‌లో వేరేది వేస్తాం" అంటే, వేసే ముందు నన్ను అడగాలి అని మెసేజ్‌లోనే చెప్పండి. "3 ఇయర్స్ వారంటీ" ఎవరిది? పార్ట్ కంపెనీదా, షాపుదా? కంపెనీది అయితే జీఎస్‌టీ బిల్లు మీద ఒక్కో పార్ట్ పేరు, సీరియల్ నంబర్ విడివిడిగా ఉండాలి. "గేమింగ్ కంప్యూటర్ – 1" అని ఒకే లైన్ రాసిన బిల్లుతో గ్రాఫిక్స్ కార్డ్ సర్వీస్ సెంటర్‌కి వెళ్తే వాదన తప్పదు. డబ్బాలన్నీ కూడా అడిగి తీసుకోండి.

విండోస్ లైసెన్స్ ఉందా లేదా అన్నదీ అప్పుడే తేల్చుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11లో వాలరెంట్ నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉండాలి. ఆ పని షాపులోనే చేసి ఇమ్మనండి.

కొరియర్‌లో వస్తే సీల్ కోయడం దగ్గర్నుంచి వీడియో తీయండి. స్విచ్ వేసే ముందు పక్క తలుపు తీసి చూడాలి. గ్రాఫిక్స్ కార్డ్ కదలకుండా లోపల ఫోమ్ పెట్టి పంపుతారు, అది తీయకుండా ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరగవు. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డ్ పోర్ట్‌కి కాకుండా కింద గ్రాఫిక్స్ కార్డ్ పోర్ట్‌కి పెట్టండి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ 60 దగ్గరే ఉండిపోయిందేమో చూడండి. తర్వాత టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరవండి. ఎన్ని స్లాట్లు నిండాయో, ఏ స్పీడ్‌లో నడుస్తోందో అక్కడే ఉంటుంది. 6000 స్పీడ్ డీడీఆర్5 కొన్నా, బయోస్‌లో ఎక్స్‌పో లేదా ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే 4800 దగ్గరే నడిచే అవకాశం ఎక్కువ. సీపీయూ-జెడ్, జీపీయూ-జెడ్ అనే ఉచిత టూల్స్ వేసుకుంటే ప్రాసెసర్, బోర్డ్, గ్రాఫిక్స్ కార్డ్ అసలు పేర్లు బయటపడతాయి. వాటిని కొటేషన్ పక్కన పెట్టి ఒక్కో లైన్ టిక్ కొట్టండి.

అన్నీ సరిపోయాక, షాపులో ఏ గేమ్ పేరు చెప్పారో అదే గేమ్ వేసి, ఏసీ ఆపి, రెండు గంటలు ఆడండి. స్క్రీన్ నల్లబడినా, పీసీ దానంతటదే రీస్టార్ట్ అయినా వీడియో తీసి ఆ రోజే షాపుకు ఫోన్ చేయండి. రీప్లేస్‌మెంట్ గడువు చాలా చోట్ల కొద్ది రోజులే ఉంటుంది. అది దాటితే పాడైన పార్ట్ పట్టుకుని సర్వీస్ సెంటర్ లైన్లో నిలబడాల్సింది మీరే.